బొంతకు కూడా మ్యాచింగేనా?

ఈ మధ్య మన ఇళ్ళల్లో ఒక జ్వరం ప్రవేశించింది. డాక్టర్లు దీనికింకా పేరు పెట్టలేదు గనక నేనే పెడుతున్నాను: మ్యాచింగు జ్వరం. చీరకు జాకెట్టు మ్యాచింగు, జాకెట్టుకు గాజులు మ్యాచింగు, గాజులకు బొట్టుబిళ్ళ మ్యాచింగు. ఇంతవరకూ నేను నోరు మెదపలేదు. ఎవరి ఒంటిమీది రంగు వారిష్టం. గోడలకు కర్టెన్లు, కర్టెన్లకు సోఫా గలేబులు మ్యాచింగయినప్పుడు కూడా పోనిద్దూ అని ఊరుకున్నాను. ఇప్పుడా జ్వరం బొంతకు కూడా తగులుకుంది. ఇంకా ఊరుకుంటే దాన్ని మంచితనం అనరు, చేతగానితనం అంటారు.

అసలు బొంత అంటే ఏమిటండీ? కట్టి కట్టి నలిగిన చీరలు, నాన్నగారి పాత పంచెలు, పిల్లలకు పొట్టయిపోయిన గౌన్లు, చిరిగిన లుంగీలు, దర్జీ దగ్గర మిగిలిన పీలికలు. వీటిని పొరలు పొరలుగా పరిచి, నాలుగు పక్కలా టాకాలు వేసి, పెద్దసూదితో వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతే తయారయ్యేది బొంత. ఎండాకాలం మధ్యాహ్నాలు, వంటిల్లు సర్దుకున్నాక, ఆడవాళ్ళు నలుగురూ నాలుగు మూలలా కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ అందులో కలిపి కుట్టేవారు. దానిమీద పసిపిల్లల్ని పడుకోబెట్టాం, దానికింద చలిజ్వరాలు కాచుకున్నాం. ఇన్నాళ్ళలో ఏ బొంతనూ ఎవరూ "నీ రంగులు కలిశాయా?" అని అడిగిన పాపాన పోలేదు.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. చదువుకున్నది, చేతిలో పనితనం ఉన్నది. బొంత కుట్టాలని సరదా పుట్టింది. ఈ రోజుల్లో దాన్ని క్విల్టింగు అంటున్నారు, అనుకోనివ్వండి, పేరులో ఏముంది! వాళ్ళమ్మ చీరలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా బజారుకెళ్ళి కొత్తగుడ్డ కొనుక్కొచ్చింది. చూద్దును గదా, ఒకటి బిస్కట్ రంగు, రెండోది టీలో ముంచిన బిస్కట్ రంగు, మూడోది బూడిదరంగు!

"పెట్టెనిండా చీరలు పెట్టుకుని ఇదేమిటే అమ్మాయ్?" అన్నాను.

"అవి ఒకదానికొకటి కలవవు పిన్నిగారూ! అమ్మవన్నీ మరీ గాఢమైన రంగులు. ఇవయితే సేఫ్" అంది.

సేఫ్! సరిగ్గా ఆ మాట దగ్గరే నాకు పేచీ. బొంత కుట్టడంలో ప్రమాదమేముందండీ, సూది గుచ్చుకోవడం తప్ప? రంగు తప్పితే జైల్లో వేస్తారా? పాత చీర, పోతే పోయింది, విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. మనిషి ధైర్యం నేర్చుకోవడానికి ఇంత చవకైన బడి లోకంలో మరొకటి లేదు. ఆ బడికి కూడా భయపడుతూ వెళితే ఇంక ధైర్యం ఎక్కడ నేర్చుకుంటాం?

ముందు ఈ "కలవడం" అంటే ఏమిటో తేల్చుకుందాం. ఒక రంగు మంచిదో చెడ్డదో దాని మొహం చూసి చెప్పలేం. పక్కన ఎవరున్నారో చూడాలి. ఇది నా సొంత కవిత్వం కాదు. పారిస్ నగరంలో గోబ్లాన్ అని గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసే ప్రసిద్ధమైన కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకం శాఖకు షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తను అధికారిగా వేశారు. ఆయన దగ్గరకు ఒక ఫిర్యాదు వచ్చింది. నలుపు నలుపులా లేదు, వెలవెలబోతోంది, మీ అద్దకంలో లోపముంది అని. ఆయన ఆ నల్లదారం తీసి పరీక్ష చేశాడు. దారం నిక్షేపంలా ఉంది. తీరా చూస్తే, నీలం, ఊదా గుడ్డల మడతల్లో నీడ చూపించడానికి ఆ నలుపు వాడుతున్నారు. ఆ పక్కవాళ్ళ మూలంగా పాపం నలుపు తేలిపోతోంది! అద్దకంలో లేని లోపం ఇరుగుపొరుగులో దొరికింది. దీనిమీద ఏళ్ళ తరబడి కృషి చేసి 1839లో ఆయన పెద్ద గ్రంథమే ప్రకటించాడు. ఎరుపు పక్కన చేరితే ఆకుపచ్చ మరింత పచ్చబడుతుంది, ఆకుపచ్చ పక్కన ఎరుపు మరింత ఎర్రబడుతుంది. ఎదురు రంగులు ఒకదాన్నొకటి వెలిగించుకుంటాయి. 1786లో పుట్టిన ఈ మహానుభావుడు 1889 దాకా, అంటే నూట రెండేళ్ళు నిండేదాకా బతికాడు. రంగులతో కాపురం చేస్తే ఆయుష్షు తగ్గదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి?

అయినా ఇది తెలుసుకోవడానికి మనం పారిస్ దాకా పోనక్కర్లేదు. గద్వాల చీర చూడండి. ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. ఒళ్ళు ఒక రంగు, అంచు దానికి బొత్తిగా ఎదురు రంగు. ఆ రెండింటినీ మగ్గంమీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. రంగులూ వేరే, గుడ్డా వేరే, అయినా చీర ఒక్కటే. మామిడిపండు రంగుకు వంగపండు అంచు, చిలకపచ్చకు మిరపపండు ఎరుపు అంచు వెయ్యడానికి మన నేతగాళ్ళు ఎవరి అనుమతీ అడగలేదు. బతుకమ్మ చూడండి. పసుపుపచ్చని తంగేడు, ముద్దబంతి, రంగుల్లో ముంచిన గునుగు వరస మీద వరస పేరుస్తుంటే "అయ్యో, ఈ గులాబీరంగు ఆ నారింజకు కలవదమ్మా" అని ఎవరైనా అన్నారా? అంటే ఆ సాయంత్రం వాళ్ళను ఆటలోకి రానిచ్చేవారా?

మన రంగుల పేర్లు వింటేనే తెలియడంలేదూ, మనవాళ్ళ కళ్ళు ఎక్కడ తిరిగాయో? నెమలికంఠం, కనకాంబరం, నేరేడుపండు, బచ్చలిపండు, అరిటాకు పచ్చ, ఉల్లిపొర రంగు, జేగురు, గంధం. తోటలో, వంటింట్లో, పూజగదిలో ఒక్కటీ వదిలిపెట్టలేదు. ఇంత సంపద ఉంచుకుని బిస్కట్ ప్యాకెట్టు దగ్గర ఆగిపోయాం.

"లేతరంగులే నాగరికత అండీ, గాఢమైన రంగులు మోటు" అనే పెద్దమనుషులు కొందరున్నారు. ఈ నాగరికత ఎక్కడినుంచి దిగిందో కాస్త చరిత్ర తిరగేద్దాం. పదిహేడో శతాబ్దంలో మన మచిలీపట్నం ప్రాంతం నుంచీ, ఆ తీరం పొడుగునా ఉన్న ఊళ్ళ నుంచీ, కలంతో రాసి అద్దిన నూలుగుడ్డలు ఓడలెక్కి ఐరోపా వెళ్ళాయి. వాటిలో మంచంమీద పరిచేవి ముఖ్యమైన సరుకు. పలంగ్‌పోష్ అనే మాట నోరు తిరగక దొరలు వాటిని పలంపోరులన్నారు. చిరివేరుతో అద్దిన ఆ ఎరుపు, నీలిమందుతో వేసిన ఆ నీలం ఎన్ని ఉతుకులు ఉతికినా పోకపోవడం చూసి అక్కడి ఇల్లాళ్ళు వెర్రెత్తిపోయారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళకు కడుపుమండింది. ఫ్రాన్సులో 1686లో నిషేధించారు. ఇంగ్లండులో 1700లో దిగుమతి చేసుకుని వాడటం మీద ఒక చట్టం, అది చాలక 1721లో ఒంటిమీదే గాదు, మంచాలమీదా కుర్చీలమీదా కూడా వాడకూడదని మరో చట్టం తెచ్చారు. ఆ మధ్యలో, 1719లో, లండన్ వీధుల్లో నేతగాళ్ళు ఆ గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ బట్టలు పట్టుకుని చించేశారు. అయినా ఆ ఇల్లాళ్ళేం తక్కువవాళ్ళు కాదు. పాతబడ్డ మన గుడ్డల్లోంచి పువ్వుల్నీ పిట్టల్నీ కత్తిరించుకుని, తమ తెల్లటి పక్కదుప్పట్ల మీద అతికి కుట్టుకున్నారు. వాళ్ళ క్విల్టుల్లో అదొక పెద్ద సంప్రదాయమై కూర్చుంది. అంటే ఏమయిందండీ? మన తీరంనుంచి వెళ్ళిన రంగును దక్కించుకోవడానికి వాళ్ళు అంత అవస్థపడ్డారు. ఆ రంగు పుట్టినచోట ఉన్న మనం, ఎవరూ నిషేధించకుండానే, బూడిద కొనుక్కొచ్చుకుంటున్నాం. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదేనేమో!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రంగుల భయం అభిరుచిలోంచి పుట్టింది కాదు. దాన్ని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. ఆడపిల్ల కాస్త చామనఛాయగా ఉంటే "నీ ఒంటికి ఆ రంగు నప్పదే" అన్నారు. నలభై దాటితే "ఈ వయసులో ఆ రంగేమిటి, నలుగురూ నవ్విపోతారు" అన్నారు. మొగుడు పోతే రంగులన్నీ ఒక్కరోజులో లాక్కున్నారు. మొగవాడికి లేని ఈ లెక్కలన్నీ ఆడదాని చీరకొంగున కట్టారు.

మా మేనత్త ఇరవయ్యేళ్ళు నిండకుండానే పసుపుకుంకుమలకు దూరమైంది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ తెల్లబట్టే. ఇంట్లో అందరి పాతచీరలూ చివరికి ఆమె చేతికే వచ్చేవి, ఎందుకంటే మా ఇంట్లో బొంతలు కుట్టేది ఆమె. ఆమె కుట్టిన బొంత పరిస్తే గది వెలిగేది. నడిమధ్యన కుంకుమరంగు పలక ఒకటి, దానిచుట్టూ పసుపు, దానిపక్కనే నిర్భయంగా నీలం. ఒకసారి మా ఇంటి పెద్దాయనొకరు "నీకెందుకమ్మా ఆ భడవ రంగులు?" అన్నాడు. ఆమె సూది ఆపకుండానే "కప్పుకునేది మీరు గదా అన్నయ్యా, నేనా?" అంది. ఆయన మారుమాట్లాడలేదు. ఆమెకు రంగులు కట్టుకోవద్దని చెప్పారు గాని, కుట్టవద్దని చెప్పడం మరిచిపోయారు!

అంచేత నేననేది ఏమిటంటే, బొంతకు వయసు లేదు, ఒంటిఛాయ లేదు, మొగుడు లేడు. నప్పడం, నప్పకపోవడం అనే లెక్కలు దానికి వర్తించవు. అంత స్వేచ్ఛగా దొరికిన ఒక్క జానెడు నేలమీద కూడా పాత భయాలే నాటుకుంటే ఎలాగమ్మా?

మా మేనత్త ఒక్కతే అనుకునేరు. లేమిలోంచి రంగు పండించినవాళ్ళు సముద్రాల అవతలా ఉన్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, ఒక నది మెలిక తిరిగేచోట, జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడున్నది ఒకప్పుడు పత్తితోటల్లో బానిసలుగా బతికిన నల్లవారి సంతతి. ఆ ఆడవాళ్ళు గాలి దూరే గుడిసెల్లో చలికాగలేక పాతబట్టలు అతికి బొంతలు కుట్టారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త చనిపోతే, పొలంలో ఆయన తొడుక్కున్న పనిబట్టల్నే కత్తిరించి బొంత కుట్టుకుని, ఆయన జ్ఞాపకంగా కప్పుకుంది. వెలిసిపోయిన ఆ గుడ్డముక్కలు సరిగ్గా కలవలేదని ఎవరైనా అనగలరా? 1972లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళ సహకార సంఘానికి సియర్స్ కంపెనీవారి కార్డురాయ్ దిండుగలేబుల పని దొరికింది. మిగిలిన తుక్కుముక్కలు, నారింజ, ఎరుపు, ముదురు పసుపు, ఆకుపచ్చ, ఇళ్ళకు చేరాయి. అంతకుముందు ఆ బిరుసుగుడ్డతో వాళ్ళకు అలవాటు లేదు. అయినా కొత్త గుడ్డ, కొత్త రంగు, రానీ అన్నారు. ముందు నమూనా పెట్టుకోకుండా తోచినట్టు కుట్టిన బొంతకు ఆ ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు "నా తీరు". ఎంత చక్కటి పేరండీ! 2002లో ఆ బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో, తరవాత న్యూయార్కు విట్నీ మ్యూజియంలో గోడలెక్కాయి. 2006లో తపాలాబిళ్ళల మీదకూ ఎక్కాయి.

ఇంత దూరం ఎందుకంటారా, మన పొరుగునే, కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలున్నారు. ఏనాడో ఆఫ్రికానుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ బొంతను కవంది అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, దొరికిన ముక్క దొరికినట్టు చేరుస్తూ నడిమధ్యకు వస్తారు. నాలుగు మూలలా మడతపెట్టిన రంగుముక్కల్ని పువ్వుల్లా కుట్టందే దాన్ని పూర్తయినట్టు లెక్కపెట్టరు. అది లేకపోతే బొంత బోసిగా ఉందంటారట. బోసిగా ఉండటమంటే వాళ్ళకు అదీ!

ఇక మ్యాచింగు పక్షంవారి వాదాలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కొన్నిటిలో పస లేకపోలేదు.

"అన్ని రంగులూ కుమ్మరిస్తే సంత అయిపోదా?" అంటారు. అవుతుంది, నిజమే. కాని సంత కావడానికి కారణం రంగులు ఎక్కువ కావడం కాదు, ముదురూ లేతా చూసుకోకపోవడం. ముక్కలన్నీ నేలమీద పరిచి, నాలుగడుగులు వెనక్కు వెళ్ళి, కళ్ళు అరమోడ్చి చూడండి. అన్నీ ఒకే ముద్దలా కనిపిస్తే లోపం అక్కడుంది. లేకపోతే మీ చేతిలోని ఫోనుతో నలుపు తెలుపు ఫోటో తియ్యండి. మామూలుగా చూస్తే కొట్టుకునే ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదగా కనిపించాయంటే రెండూ సమానం ముదురన్నమాట. వాటిమధ్య ఒక లేతముక్క పెట్టండి, రెండూ విడిపడి ఊపిరి పీల్చుకుంటాయి. బొంతలో పనిచేసేది ముదురూ లేతా, పేరుకొట్టేసేది రంగు. సంసారాల్లోనూ అంతే గదా!

"గుడ్డలు కలిపితే చిరిగిపోతుంది" అంటారు. చూసుకుని కలపాలి మరి. నూలు ముడుచుకుంటుంది గనక ముందే తడిపి ఆరెయ్యండి. నైలాను చెమట పీల్చదు, వేడి ఇస్త్రీకి కరుగుతుంది. దాన్ని పైకి ఉంచి, ఒంటికి తగిలేవైపు మెత్తటి పాతపంచె వెయ్యండి. బాగా జీర్ణించిన చీరముక్కను గట్టిముక్క మీద పరిచి కుట్టండి. అంతేగాని పట్టుముక్కనూ, చారల లుంగీనీ, నాన్న చొక్కానూ పక్కపక్కన కూర్చోబెట్టడానికి జంకకండి. ఇంట్లో అందరూ ఒకే పంక్తిన భోంచేస్తున్నారుగా!

"రంగు దిగితే?" అంటారు. దిగే రంగేదో ముందే తేలుతుంది. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా అద్ది చూడండి. మరక పడితే, నీళ్ళు తేటగా వచ్చేదాకా దాన్ని విడిగా జాడించండి. అప్పటికీ ఆగకపోతే ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టండి. ఒక చీర చేసిన నేరానికి ట్రంకుపెట్టె మొత్తానికి శిక్ష వెయ్యడం న్యాయం కాదు.

"గంతకు తగ్గ బొంత అన్నారు పెద్దలు, అది మ్యాచింగు కాదా?" అని ఒకాయన నామీదకు సామెత విసిరాడు. అయ్యా, అది పెళ్ళిళ్ళ మీద వెటకారానికి వాడే మాట. దాన్ని దుకాణంవాడి సిఫార్సు ఉత్తరంగా వాడకండి.

నా వంతు సలహా ఒక్కటే. పసిపిల్లను ఎంత ముద్దుగా ముస్తాబు చేసినా, చివర బుగ్గన నల్లటి దిష్టిచుక్క పెడతాం. అది ఆ మొహానికి కలవడానికి పెట్టిందా? కలవకుండా ఉండటానికే పెట్టింది. దానివల్లే మొహం మరింత ముద్దొస్తుంది. ప్రతి బొంతలోనూ అలాంటి ముక్క ఒకటి ఉండి తీరాలి. చూడగానే "ఇదేమిటిక్కడ?" అనిపించేది, బెత్తెడు చాలు. అన్నీ లేతనీలాలయితే ఓ ఘాటైన నారింజ. అన్నీ మట్టిరంగులయితే ఓ రాణి పింకు. మొదటిసారి చెయ్యి వణుకుతుంది. కుట్టాక తీసెయ్యాలనిపిస్తుంది. తియ్యకండి. వారంరోజులు కళ్ళముందు ఉంచండి. ఆ తరవాత అది లేని బొంతలు చప్పగా ఉన్నాయనిపించకపోతే నన్నడగండి.

పత్రికలవారికి కూడా ఓ మనవి. కూటమి ప్రభుత్వం ఏర్పడ్డప్పుడల్లా దాన్ని "అతుకుల బొంత" అని ఈసడించడం మీకు అలవాటు. బొంతను మధ్యలోకి లాగకండి. అతుకులున్నందువల్ల బొంత కూలదు, అతుకులున్నందువల్లే నిలుస్తుంది. ఎక్కడ చిరిగితే అక్కడ మరో ముక్క వేస్తాం. మా ఇంట్లో మేనత్త బొంత ఎన్ని ప్రభుత్వాలను చూసిందో నేను లెక్కపెట్టలేదు.

కాబట్టి అమ్మా, అయ్యా (అయ్యలు కుట్టకూడదని శాస్త్రమేం లేదు), ఈ ఆదివారం ట్రంకుపెట్టె మూత తియ్యండి. కలరా ఉండల వాసన పోనివ్వండి. అడుగున మీకు బొత్తిగా గిట్టని రంగు చీర ఒకటుంటుంది. ఎవరో పెళ్ళిలో పెట్టింది, ఒక్కసారి కూడా కట్టనిది. కత్తెర తెచ్చి ముందు దాన్నే కత్తిరించండి. దాని పక్కన ఏది పెట్టాలో కాసేపట్లో అదే చెబుతుంది. నలుగురూ ఏమంటారోనని మాత్రం చూడకండి. చలేస్తే ఆ నలుగురూ వచ్చి కప్పరు, కప్పేది బొంతే.